మెయిల్ బాక్సుల దగ్గరి ప్రశ్న

మంగళవారం పొద్దున్న అమ్మ నా గదిలోకి వచ్చి, "ఎదురింటి ఆంటీ పోయారే. నిద్రలోనే అట," అంది. కూర్చోలేకపోయాను. వంటింట్లోకి, మళ్లీ హాల్లోకి తిరుగుతూనే ఉన్నాను. వచ్చే వారం నాకు లా స్కూల్ ఇంటర్వ్యూ. దానికి నన్ను తయారు చేస్తున్నది ఆవిడే.

ఆంటీ విజయవాడలో ప్లీడరుగా చేసి, అమెరికా వచ్చి మళ్లీ లా చదివి, మా ఊరు ప్లేనోలోనే లాయరుగా రిటైరయ్యారు. కూర్చుని మాట్లాడటం ఆవిడకి చేతకాదు. సాయంత్రమైతే చీర కింద తెల్ల వాకింగ్ షూస్ వేసుకుని వీధిన పడేవారు. ఏమైనా అడగాలంటే మనమూ వెంటపడాల్సిందే. "కూర్చుంటే భయం కూడా పక్కనే కూర్చుంటుంది, నడు," అనేవారు.

మొదట చేరిన కాలేజీలో నా మార్కులు పాడయ్యాయి. రెండో ఏడు వేరే యూనివర్సిటీకి మారాను. మన తెలుగువాళ్ల పార్టీల్లో ప్లేటు చేతికి రాకముందే "అమ్మాయి ఏ కాలేజీ?" అని అడుగుతారు కదా, అమ్మ ఎప్పుడూ రెండోదే చెప్పేది. మొదటిది అసలు లేనే లేనట్టు. అప్లికేషన్‌లోనూ దాన్ని వదిలేద్దామని ఓసారి ఆంటీతోనే అనేసింది. ఆవిడ నడక ఆపేశారు.

"లా చదవబోయే పిల్లతో మొదటి అబద్ధం అప్లికేషన్‌లోనే చెప్పిస్తావా తల్లీ? చదివిన ప్రతి కాలేజీ నుంచీ మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ వెళ్లాల్సిందే. పాత మార్కులూ కొత్త మార్కులూ కలిపే చూస్తారు. చూడనీ. మారాక పెరిగాయని కూడా అందులోనే కనపడుతుంది." తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు సగంలో వచ్చినదానివి, ప్రొఫెసర్లకి నువ్వెవరో తెలీదు. ఆఫీస్ అవర్స్‌లో వాళ్ల గదికి వెళ్లి మొహం చూపించు. లేకపోతే రికమెండేషన్ లెటర్ ఎవరిస్తారు?"

విసుక్కుంటూనే వెళ్లాను. ఇద్దరు రాసిచ్చారు. ఆ మేలు మర్చిపోలేను. అయినా నా ప్రాణం కుదుటపడేది కాదు. "ఛాన్సెస్ ఎలా ఉన్నాయాంటీ?" అని రోజూ వేధించేదాన్ని. "నేను జడ్జినా? నీ వాదన సిద్ధం చేసుకో," అనేవారు.

వీధి చివర మెయిల్ బాక్సుల దగ్గరికి రాగానే ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "మొదటి కాలేజీ ఎందుకు వదిలావ్?" ఇంటికి దూరమనీ, రూమ్మేట్‌తో పడలేదనీ చెప్పేదాన్ని. "ఇది మీ అమ్మ జవాబు. నీది చెప్పు," అని వెనక్కి తిరిగేవారు. నా జవాబు వినకుండానే వెళ్లిపోయారు. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది నాకు.

ఆంటీని చివరిసారి చూడటానికి వెళ్లిన ఫ్యూనరల్ హోమ్‌లో కూడా ఎవరో ఒకావిడ అడగనే అడిగింది, "అమ్మాయి ఏ కాలేజీ?" అని.

"ముందొక కాలేజీలో చేరిందండీ. అక్కడ కుదర్లేదు, మారింది. ఇప్పుడు లాకి అప్లై చేసింది," అంది అమ్మ. నేను తెల్లబోయి చూశాను. అమ్మ నావైపు చూడలేదు.

ఆ సాయంత్రం అమ్మే షూస్ వేసుకుని "పద" అంది. ఆంటీ ప్రశ్న సంగతి నేనే ఎప్పుడో నవ్వుతూ చెప్పాను. మెయిల్ బాక్సుల దగ్గర ఆగి, అమ్మ అదే అడిగింది. "మొదటి కాలేజీ ఎందుకు వదిలావే?"

"ప్రీ-మెడ్ నాకొద్దని, డాక్టర్ని కాలేనని నీకు చెప్పలేక, అమ్మా. చెప్పలేక క్లాసులకి వెళ్లడం మానేశాను. మార్కులు పోయాకే చెప్పగలిగాను."

అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంటర్వ్యూలో కూడా ఇలాగే చెప్పు," అంది.

తిరిగి వస్తుంటే ఎదురింటి గుమ్మం ముందు ఆంటీ తెల్ల షూస్ ఇంకా అలాగే ఉన్నాయి, ముక్కులు వీధివైపు తిరిగి.