నాలుగక్షరాల తాళం

మా గురువుగారు ప్రతి ఉదయం స్నానం ముగించుకుని నాకు ఫోను చేసేవారు. "లేచినావా?" అన్నది ఒక్కటే ప్రశ్న. జవాబు పూర్తికాకముందే పెట్టేసేవారు. గత నెలలో ఒక సోమవారం ఆ వేళకే ఫోను మోగింది గాని తెరమీద వారి పేరు లేదు. ఎవరిదో తెలియని నంబరు. తీస్తే వారి అమ్మాయి గొంతు.

"అన్నా, నాన్న పోయినాడు. మంచం మీద కూచున్నోడు కూచున్నట్టే ఒరిగిపోయినాడు. నాన్న సెల్లునించే నీకు చేద్దామంటే అది చేతిలోనించి జారి పగిలిపోయుండాది. పక్కింటోళ్ళ సెల్లులో చేస్తాండా."

నేను ఏమి బదులు చెప్పానో జ్ఞాపకం లేదు. జ్ఞాపకం ఉన్నది, ఆ దుఃఖంలోనూ నా మనస్సు ఆయన దేహం మీదికి కాక ఆ పగిలిన ఫోను మీదికి పోయిందన్న సంగతి. అందుకు నన్ను నేను ఇప్పటికీ మన్నించుకోలేదు. ఎందుకు పోయిందో పాఠకులకు చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

ఆయన మద్రాసు వ్యాసర్‌పాడిలో, రైలుపెట్టెలు నిలిపే యార్డుకు ఆనుకున్న సందులో, జీవితమంతా ఒకే ఇంట్లో గడిపారు. దగ్గరి బడిలో తెలుగు చెప్పారు. పద్దెనిమిదో ఏట నేను ఛందస్సు నేర్చుకుందామని ఆ గడప తొక్కాను. ఆయన పద్యం చదువుతూండగా వెనుక ఇంజను కూత పెట్టేది. కూత ఆగేదాకా నోరు మూసుకుని కూర్చుని, విడిచిన అక్షరం దగ్గరనుంచే మళ్ళీ ఎత్తుకునేవారు. "రైల్వేవాళ్ళకి ఛందస్సు తెలుసురా, సరిగ్గా యతి దగ్గరే కూస్తారు" అని నవ్వేవారు. ప్రతి పాఠం చివరా ఒకే మాట. పుస్తకం మూసి, దానిమీద అరచేయి పెట్టి, "మరువకు" అనేవారు. అదే ఆశీర్వచనం, అదే సెలవు.

అంకెలను అక్షరాలుగా మార్చడం ఆయనకు వినోదం. పూర్వులు లెక్కలను పద్యాల్లో ఇమిడ్చేందుకు ఒక్కొక్క హల్లుకు ఒక్కొక్క అంకె కేటాయించారు. ఆ పద్ధతిలో 'చ' ఆరు, 'ల' మూడు. అయితే అంకెలను మాత్రం చివరి అక్షరంనుంచి మొదటికి, వెనక్కు చదవాలి. అది దాని ప్రాణసూత్రం. కనుక 'చలి' అంటే అరవై మూడు కాదు, ముప్పై ఆరు. మా ఇంటి తలుపు మీద ముప్పై ఆరు అంకె చూసినప్పుడల్లా, "ఈ మద్రాసంతటికీ చలి ఉండే ఇల్లు నీదొకటే గదరా" అని మెట్లు ఎక్కేవారు.

ఆ సూత్రం నేర్పిన తొలి రోజున నేను తొందరపడి 'చలి'ని అరవై మూడన్నాను. ఆయన కోప్పడలేదు. పుస్తకం మూసి, "ముందునించి చదివినోడికి ఈ పూట పద్యం లేదు, పో" అన్నారు. ఎండలో నడిచి ఇంటికి వచ్చాను. ఆ రోజు 'మరువకు' అని కూడా అనలేదు. అందుకే కాబోలు, ఆ రోజును నేను మరువలేదు.

ఆయన కంఠంలో ఒక చిన్న కావ్యం ఉండేది. ఎవరు రచించారో తెలియదు. ఒక ముసలి పడవవాడు, రాజని తెలియక రాజునే ఏరు దాటిస్తూ, నడి ఏట్లో అతనిని ఒక ధర్మసందేహం అడిగే కథ. మూడు వందల పైచిలుకు పద్యాలు. తాటాకుప్రతి చెదల పాలయింది, అచ్చుకు ఎన్నడూ ఎక్కలేదు. తమ గురువు నోట విని ఆయన నిలుపుకున్నది ఒక్కటే మిగిలింది. కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చి చూపు మందగించిన తరువాత, దానిని రాసిపెట్టమని నన్ను అడిగారు. గురువారం గురువారం వెళ్ళేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక వారం మోకాలినొప్పి, ఒక వారం సభ, ఒక వారం వాన. ఆయన ఎత్తిపొడిచేవారు.

"ఈ పేట పేరులో ఉన్న ఋషికి రాసిపెట్టేదానికి ఏనుగు తలవాడు దొరికినాడు. నాకు దొరికినోడివి నువ్వు, వారం వారం తలనొప్పితో."

చివరికి నేనొక ఉపాయం ఆలోచించాను. ఆ ఉపాయం గురించి అప్పట్లో గర్వపడ్డాను కూడా. ఒక మంచి సెల్‌ఫోను తెచ్చి ఇచ్చి, "మీకు తోచినప్పుడల్లా ఇందులో చదివి పెట్టండి, నేను తీరికగా విని రాసుకుంటాను" అన్నాను. ఆయన దానిని రెండు చేతులతో తడిమి చూసి, "చెవి కొనిచ్చినావు. మనిషి రాడన్నమాట" అన్నారు. అది హాస్యమనుకుని నవ్వాను.

మూడేళ్ళు ఆయన ఆ ఫోనుకు పాఠం చెప్పారు. దిద్దని పాఠం పరుల చేతిలో పడకూడదన్న పట్టుదలతో, పక్కింట్లో అద్దెకున్న కంప్యూటరు ఇంజనీరుచేత దానికి నాలుగంకెల తాళం వేయించారు. పదిసార్లు తప్పు కొడితే లోపలిదంతా దానంతటదే తుడుచుకుపోయే ఏర్పాటు కూడా చేయించారు. ఇంకెక్కడా దాచడానికి ఒప్పుకోలేదు. "గాలిలో పెట్టిన పద్యం గాలికే పోతాది" అన్నారట. తాళం ఏమిటని నేను ఫోనులో అడిగితే, "నీకు తెలిసిన మాటేరా. ప్రతి పాఠం చివరా చెప్పేదే గదా" అన్నారు.

అంటే 'మరువకు'. మ ఐదు, రు రెండు, వ నాలుగు, కు ఒకటి. వెనక్కు చదివితే ఒకటి, నాలుగు, రెండు, ఐదు. నేను కాగితం మీద రాసుకోనైనా లేదు. అంత తేలిక.

పన్నెండో రోజు కర్మ ముగిశాక వారి అమ్మాయి ఆ ఫోనును ఒక పాత తువాలులో చుట్టి నా చేతికిచ్చింది. "ఇది నీదేనన్నా. నాన్న ఎప్పుడూ చెప్తా ఉండినాడు, కడపటి పద్యం అయినాక నీకిచ్చేయమని. కడపటిది ఆ పొద్దే చెప్తా ఉండినాడో ఏమో" అంది. అద్దం సాలెగూడులాగా బీటలు వారింది. పైసగం నల్లబడింది. కింది సగం వెలుగుతోంది గాని వేలికి పలకడం లేదు.

పురసవాక్కంలో, బట్టల దుకాణాల సందడి కొంచెం సద్దుమణిగే వీధిలో, సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక నడివయస్కుడి అంగడికి తీసుకుపోయాను. నా మాట వినగానే ముఖం విప్పాడు.

"తెలుగోళ్ళా సామీ? ఈడ కూచోండి. మాదీ నెల్లూరు పక్కే అంట, మా తాత కాలాన వచ్చినారు. సెరి, ఏమి కావాలి, సెల్లు బాగుపడాలా, లోపల ఉండేది కావాలా?"

"లోపల ఉన్నది మాత్రమే కావాలి. ఒక పెద్దాయన గొంతు."

అతడు మూత విప్పి చూశాడు. "బోర్డు బాగానే ఉండాది. టచ్ చచ్చిపోయుండాది. అది పరవాలేదు, మౌసు తగిలిస్తాం. తాళం మాత్రం మీరే తీయాల. అద్దం కొత్తది ఏసినా తాళం తాళమే, దాన్ని దాటి లోపలికి పోయేది నా చేత కాదు, ఎవరి చేతా కాదు. తీసిచ్చినారంటే గంటలో గొంతులన్నీ కంప్యూటర్లోకి ఎత్తేస్తా."

చిన్న తీగతో కంప్యూటరు మౌసును ఆ ఫోనుకు తగిలించాడు. బీటల వెనుక ఒక బాణంగుర్తు ప్రత్యక్షమైంది. దానితో పనిచేసే తీరు చూపించి, "మీరే కొట్టండి సామీ, నేను చూడను" అని ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ మర్యాద నన్ను కదిలించింది. ఒకటి, నాలుగు, రెండు, ఐదు కొట్టాను.

తప్పన్నది ఫోను.

అంకె తప్పి నొక్కాననుకుని మళ్ళీ కొట్టాను. తప్పే. అప్పుడు నా పాండిత్యం మేలుకుంది. ఆ మాటకు ప్రాచీనరూపంలో ఉన్నది సాధురేఫం కాదు గదా, బండి ఱ. ఆ ఱకారం తెలుగుది. సంస్కృతంవారి అంకెల పట్టికలో దానికి చోటు లేదు. చోటులేని అక్షరానికి ఆయన ఏ విలువ ఇచ్చి ఉంటారు? తొమ్మిదా? కొట్టాను. కాదు. ఒక్కొక్క తప్పుకూ ఫోను మరికొంతసేపు కాచుకోమనేది. కాచుకుంటూ నేను వ్యాకరణం ఆలోచించేవాణ్ణి. వారి ఇల్లాలి పేరు ప్రయత్నించాను. కావ్యంలోని మొదటి మాట ప్రయత్నించాను. పడవకున్న పర్యాయపదాలు ప్రయత్నించాను. అన్నీ శాస్త్రోక్తంగా, వెనకనుంచి ముందుకే.

తొమ్మిది అయ్యాయి. అంగడివాడు ఇటు తిరిగాడు.

"సామీ, ఇంక ఒకే తూరి ఉండాది. ఆ లెక్క ఏమిదో నాకూ రవంత చెప్పండి."

చెప్పాను. అక్షరానికి ఒక అంకె అని, చదవడం వెనకనుంచి అని. అతడు శ్రద్ధగా విని తల గోక్కున్నాడు.

"తిన్నగా కొట్టి చూసినారా? మాట చెప్పినట్టే, ముందునించి?"

"అది శాస్త్రం కాదయ్యా. ముందునుంచి చదివినందుకు నన్ను ఎండలో ఇంటికి పంపినవారు ఆయన. ఆయన ఆ సూత్రం తప్పరు."

"పెద్దాయన తప్పడు సామీ, నేనేమీ అనలేదు. కానీ సెల్లుకి శాస్త్రం ఏం తెలుసు?"

ఆ మాటను నేను వినదగ్గ మాటగా లెక్కపెట్టలేదు. నాకు చదువు ఉంది, అతనికి లేదు. పట్టికలో లేని అక్షరానికి సున్నయే న్యాయమని అంతలో నాకు స్ఫురించింది. ఆ స్ఫురణకు మురిశాను కూడా. ఒకటి, నాలుగు, సున్న, ఐదు. కొట్టాను.

తెరలో వెలుగుతున్న ఆ సగమూ నల్లబడింది. కొంతసేపటికి మళ్ళీ వెలిగింది. కొత్తగా కొన్ననాడు వెలిగినంత శుభ్రంగా వెలిగింది.

అంగడివాడు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "పోయినాయి సామీ" అన్నాడు, అంతే. టీ తెప్పించాడు. నేను తాగలేకపోయాను.

అక్కడినుంచి వ్యాసర్‌పాడికి పోయి వారి అమ్మాయి ముందు నిలబడి జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఒక మాట నన్ను అడిగుంటే సరిపోయేది గదన్నా. అంకెలు నాకు తెలీవు. కానీ నాన్న దాన్ని తెరిచేది దినమూ చూస్తానే ఉంటి గదా. కండ్లు సరిగా కానరావు గదా పాపం, ఒక్కో అక్షరం పలుక్కుంటా నొక్కేవాడు. 'మ' అంటా నట్టనడిమిలో. 'రు' అంటా దానికి మీద. నువ్వు పెద్ద చదువు చదివినోడివి, నీకు తెలీకుండా ఉంటాదా అని నేను నోరెత్తలేదు."

అంకెల పలక మధ్యలో ఉండేది ఐదు. దాని మీద రెండు. ఆయన ముందునుంచే చదివారు.

జీవితమంతా కాపాడిన సూత్రాన్ని ఆ యంత్రం దగ్గర ఎందుకు విడిచారో ఇప్పుడు అడిగేందుకు ఆయన లేరు. చూపు లేనివాడికి నోటిని నమ్ముకుని వేలు నడవవలసి వచ్చిందేమో. లేక 'మరువకు' అన్నది లెక్కగా కాక మాటగానే చెప్పాలని తోచిందేమో. నేను నిశ్చయంగా చెప్పగలిగింది ఒక్కటే. మూడేళ్ళలో ఏ ఒక్క ఉదయమైనా నేను ఆ మంచం పక్కన కూర్చుని ఉంటే ఆ వేలు ఎటు నడుస్తుందో నా కళ్ళతో చూసేవాణ్ణి. శాస్త్రం నన్ను మోసగించలేదు. నేను లేకపోవడమే ఆయన గొంతును చెరిపింది. శిష్యుడు ఉండవలసిన చోట నేను ఒక చెవిని కొనిపెట్టాను. ఆ చెవి నన్ను గుర్తుపట్టలేదు.

గతించినవారిని తలచుకునేటప్పుడు వారు మనలో జీవించి ఉన్నారని రాయడం ఆచారం. నేను అట్లా రాయలేను. ఆయన కంఠంలో ఉన్నది నాలో లేదు. నా నోటుపుస్తకంలో నలభై ఒక్క పద్యాలున్నాయి. నలభై ఒకటో పద్యంలో పడవవాడు తెడ్డు ఆపి, రాజు ముఖంలోకి చూసి, అడగబోతున్నాడు. ఏమి అడిగాడో నాకు తెలియదు. ఇక లోకంలో ఎవరికీ తెలియదు. పడవ నడి ఏట్లో ఉంది.

ఆయన నాకిచ్చినదంతా తలచుకుని కృతజ్ఞతతో చేతులు జోడించాలనే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను. జోడిస్తున్నాను. ఆ చేతులే ఆ మౌసును పట్టుకున్నాయి.

ఫోను నా దగ్గరే ఉంది. గురువారాలు, పాత వేళకు, దానికి కరెంటు తగిలించి ఎదుట నోటుపుస్తకం తెరిచి కూర్చుంటాను. కొత్త ఫోను ఎవరి చేతిలోనైనా మొదట చేసే పని ఒకటే. ఒక్కొక్క భాషలో పలకరిస్తూ, మీది ఏ భాష అని అడుగుతుంది. అంతా తుడుచుకుపోయిన ఇదీ ఇప్పుడు కొత్తదే, వేలికి పలకదు గనుక ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంది. పగిలిన గాజు కింద ఏవేవో లిపులు వచ్చి పోతుంటాయి. చాలాసేపటికి 'నమస్కారం' అని తెలుగులో వస్తుంది. నేను కలం అందుకుంటాను. అంతలో అది వేరే భాషలోకి మారిపోతుంది.