దయ్యాన్ని తరమని నవల

కాగజ్‌నగర్‌లో మా గ్రంథాలయానికి అధికారిని నేనే అయినా, జనం వచ్చేది ఆనందమ్మ కోసం. ఊడ్చే పనిలో చేరి, ఇప్పుడు పుస్తకాలిచ్చే బల్ల కూడా చూసుకునే మనిషి. ఊడుస్తూ ఊడుస్తూ చదవడం మొదలుపెట్టింది. అదీ నేను ఏరికోరి తెప్పించిన మంచి నవలలు కాదు. కొత్తగా వస్తున్న దయ్యాల నవలలు, మాయాలోకాల నవలలు, వేరే గ్రహాల నుంచి ఎవరెవరో దిగే నవలలు. వాటిని చూస్తేనే నాకు ఒళ్ళుమంట. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడే మనిషి, సోమవారం పొద్దున్నే చేతబడి కథ పట్టుకునేది.

నచ్చిన ప్రతి పుస్తకానికీ అట్ట లోపల ఒక చీటీ అంటించేది. “ఇరవై పేజీలు ఓపిక పట్టుండ్రి, తర్వాత కింద పెట్టరు.” “ఇంట్ల ఒక్కరే ఉన్నప్పుడు చదవకుండ్రి.” నేను విసుక్కుంటే నవ్వేది.

“మీ పెద్ద నవలల దుమ్ము దులుపలేక సస్తున్న సార్. నా దయ్యాలకు దుమ్ము పట్టే టైమే లేదు.”

అది నిజం. అందుకే ఇంకా మండేది.

ముత్యం పేపర్ మిల్లులో పనిచేస్తాడు. నిరుడు వానాకాలంలో అతని ఒక్కగానొక్క కూతురు నవీన జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. పదిహేడేళ్ళ పిల్ల. తొమ్మిది నెలల తర్వాత అతను వచ్చి ఆనందమ్మ బల్ల ముందు నిలబడ్డాడు.

“అక్కా, సచ్చినోళ్ళు మల్ల ఇంటికొచ్చే నవల ఉన్నదా?”

ఆమె ఎందుకని అడగలేదు. చనిపోయిన బిడ్డను శాస్త్రవేత్త మరమనిషిగా తయారుచేసే నవల ఒకటి ఇచ్చింది. ఆ పుస్తకం రెండు రోజులకే తిరిగొచ్చింది.

“బొమ్మను జేసిండు గని, పిల్ల రాలే అక్కా.”

తండ్రి కూతురి కోసం పాతాళానికి వెళ్ళే నవల ఇచ్చింది.

“గాయనకు తొవ్వ దొరికింది. నాకేది?”

చివరికి దయ్యాల నవలలే పట్టుకున్నాడు. చనిపోయిన పిల్ల ఇంట్లో తిరిగే పేజీలు మళ్ళీ మళ్ళీ చదివేవాడు. కానీ ఏ నవలలోనైనా ఆఖరికి ఒక మంత్రగాడు దిగుతాడు, దయ్యాన్ని తరుముతాడు.

“ఎల్లగొట్టుడు లేనిది ఒక్కటి చూడు అక్కా.”

అప్పటినుంచి ఆనందమ్మకు అదే పని. ఎక్కడ కొత్త నవల వచ్చిందన్నా ఫోన్ చేసి తెప్పించేది. ఆఖరి అధ్యాయం నుంచి చదవడం మొదలుపెట్టేది. రెండు నెలల్లో పదకొండు చదివింది. “దీంట్ల గూడ ఎల్లగొట్టిండ్రు సార్” అంటూ ఒక్కొక్కటీ పక్కన పెట్టేది. చీటీ ఒక్కదానికీ అంటించలేదు.

ఓ సాయంత్రం ముత్యం మళ్ళీ వస్తే నా ఓపిక నశించింది.

“దయ్యాన్ని తరమకుండా దయ్యం నవల ఎట్లా ముగుస్తుందయ్యా? ఇంటివాళ్ళు బతకొద్దా?”

ముత్యం నావైపు చూశాడు.

“మేం గూడ గట్లనే అనుకున్నం సార్. పెండ్లి గాని పిల్ల, ఇంట్లనే తిరుగుతదని చుట్టాలందరు భయపెట్టిండ్రు. పదకొండో దినం మంత్రగాన్ని పిలిచిన. నా బిడ్డ లోపటికి రాకుంట గడపకు మేకులు కొట్టిచ్చింది నేనే.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆనందమ్మ లేచి సొరుగంతా వెతికి పటకారు తీసింది. మేకులతో ఆత్మలు ఆగుతాయని ఆమె ఏనాడూ నమ్మలేదు. అయినా చెప్పులు వేసుకుంది.

“నడువు తమ్మీ, పీకేద్దాం.”

ముత్యం కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

“నెల తిరగకముందే పీకేసిన అక్కా. తలుపు గూడ తెరిచే పెడుతున్న. ఏడాదాయె. రాలే.”