జేబు దగ్గర కోత

రఫ్ఫు వదిన నోరు మంచిది కాదని ఆ వీధిలో అందరూ అనేవారు. చెయ్యి మాత్రం అంత మంచి చెయ్యి ఇంకొకటి లేదని కూడా వాళ్ళే అనేవారు. రఫ్ఫు, అంటే చినిగిన బట్టను చినిగిన ఆనవాలు లేకుండా అల్లి ఇవ్వడం, ఆవిడ పని. నేర్పింది మొగుడు. ఎడమచేతివాటం మనిషి, నెమ్మదస్తుడు. బయట కొన్న దారం ముట్టేవాడు కాదు. ఏ బట్ట చినిగితే ఆ బట్ట అంచు మడత విప్పి, లోపలి పోగులు లాగి, వాటితోనే చిరుగు పూడ్చేవాడు. పని అయ్యాక బట్టను మనిషి చేతికిచ్చి, కిటికీ వెలుగులో నిలబెట్టి, "వెతుక్కోండి" అనేవాడు. దొరికితే కూలి వద్దు. అది ఆ కొట్టు పద్ధతి.

అతను పోయి నెల తిరక్కుండానే మరిది వచ్చి, అన్న బీరువాను బట్టలతో సహా బండికెక్కించాడు. "మా అన్నవి నాకు కాక ఎవరికి వదినా? నువ్వేమైనా కోట్లు తొడుక్కుంటావా?" అన్నాడు. వదిన చేతిలో కత్తెర ఉంది. అది వెళ్ళి అతని అరచేతిలో దిగింది.

కోర్టు ఏడాదిన్నర జైలు వేసి, మొదటి తప్పని, రెండేళ్ళు మంచి నడవడితో ఉంటే చాలని బయట వదిలింది. ప్రతి సోమవారం కోర్టు ఆవరణలోనే ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర సంతకం పెట్టాలి. మరిది గడప తొక్కకూడదు. ఒక్క షరతు తప్పినా ఆ ఏడాదిన్నరా లోపలే.

ఆ ఆఫీసర్‌కు ఒకే ఒక జోకు వచ్చు. ప్రతి సోమవారం అదే.

"ఏమ్మా, ఈ వారం ఎవరినీ పొడవలేదు కదా?"

"ఇంకా పొద్దుందిగా సార్."

ఏడు నెలలు అలా గడిచాయి. ఎనిమిదో నెలలో మూలకొట్టు టైలరు ఒక బూడిదరంగు ఉన్ని కోటు తెచ్చి బల్ల మీద పడేశాడు. జేబు పక్కన బెత్తెడు చిరుగు. చీటీ మీద పేరు లేదు; ఇంటికి తెచ్చివ్వమని మాట, ఒక చిరునామా, అంతే. ఆ వీధి ఆవిడ ఎరగనిది.

చిరుగు చూడగానే వదినకు అనుమానం వచ్చింది. బట్ట చినిగితే పోగు వెంట చినుగుతుంది. ఇది పోగులకు అడ్డంగా, తిన్నగా పోయింది. బ్లేడు పెట్టి కోసిన కోత. ఎవరికేం పోయేకాలమో అనుకుంటూ పోగుల కోసం ఎడమవైపు అంచు మడత విప్పింది. విప్పి, కిటికీ వెలుగులో పట్టి చూసింది.

అక్కడ పోగులు ముందే తీసి ఉన్నాయి. రెండు వదిలి ఒకటి, రెండు వదిలి ఒకటి, ఎడమ కొస నుంచి. అలా తీసే చెయ్యి ఆవిడకు తెలిసి ఒక్కటే. ఒకసారి ఇస్త్రీపెట్టె అంటుకుని కోటు చెయ్యి దగ్గర కాలితే, మొగుడే కూర్చుని బాగుచేసుకున్నాడు, తన కోటు తనే.

ఆ రోజంతా ఆవిడ ఇంకో పని ముట్టలేదు. కుడివైపు అంచులోంచి పోగులు తీసి, జన్మలో చెయ్యనంత బాగా ఆ కోత పూడ్చింది. మర్నాడు కోటు మడిచి, చీటీ పట్టుకుని బయలుదేరింది.

తలుపు తీసింది మరిదే. కొత్త ఇల్లు. చేతిలో ఫోను సిద్ధంగా ఉంది.

"రా వదినా, రా. నీ కోసమే చూస్తున్నా. లోపలికి రా, గడప తొక్కు!"

"కోటు తీసుకో. వెలుగులో వెతుక్కో," అంది వదిన. కోటు చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. మెట్లు దిగేలోపే పోలీసులు వచ్చారు.

కోర్టు వరండాలో సర్కారు ఇచ్చిన ప్లీడరమ్మ తల పట్టుకుంది. చిన్నపిల్ల, కళ్ళజోడు జారిపోతూ ఉంటుంది.

"టైలరు ఎవరిచ్చారో గుర్తులేదంటున్నాడమ్మా. మీ మరిదికి జడిశాడు. కాబట్టి ఒక్కటే దారి. ఏమీ తెలియక వెళ్ళానని చెప్పండి. అంతకన్నా ఒక్క ముక్క మాట్లాడొద్దు. మీ నోటికి దణ్ణం పెడతాను."

"మాట్లాడితే?"

"ఏడాదిన్నర."

మరిది బోనెక్కాడు. ఒంటి మీద అదే కోటు. ఆ కుట్టు ఎవరి కంటికీ ఆనదని అంత ధీమా. కోటు తనదేననీ, ఎన్నడూ చినగలేదనీ, ఎవరికీ ఇవ్వలేదనీ, వదిన తనంతట తానే సూది పట్టుకుని ఇంటి మీదికొచ్చిందనీ ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఆఫీసర్ లేచి, ఈ మనిషిలో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదన్నాడు. వారంవారం నవ్వించబోయినా నవ్వలేదని కూడా అనేవాడేమో, జడ్జి కూర్చోమన్నాడు.

ప్లీడరమ్మ కోటు చూడమని అడిగింది. జడ్జి దాన్ని విప్పించి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, జేబు అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇక్కడేమీ లేదే?"

మరిది మీసం చాటున నవ్వుకున్నాడు. వదిన ఒళ్ళు మండిపోయింది. జన్మలో చెయ్యనంత మంచి పని చేస్తే, ఆ పనే తనను జైలుకు పంపుతోంది.

"నువ్వు చెప్పమ్మా. అది అతని ఇల్లని తెలుసా?" అన్నాడు జడ్జి వదినతో.

"ఇల్లు తెలీదయ్యా. కోటు తెలుసు."

ప్లీడరమ్మ కళ్ళు మూసుకుంది.

"మా ఆయన కోటు. ఏ ఒంటి మీదికి పోతోందో చూద్దామని వెళ్ళా. వీడే అయ్యుంటాడని మనసు చెబుతూనే ఉంది, అయినా వెళ్ళా. కానీ పిలిపించింది వాడు. బ్లేడుతో కోసి మరీ పిలిపించాడు. ఇలా ఇవ్వండి."

సూది ఇవ్వరని తెలుసు. గోటితోనే పోగు కొస పట్టుకుంది. ఒక క్షణం ఆగింది. తర్వాత లాగింది. ఒక్కొక్క పోగే వచ్చింది, మొత్తం పదిహేడు. కోత నోరు తెరిచింది. కుడివైపు అంచు విప్పి, ఆ పోగులు పోయిన సందులు కూడా చూపించింది. ఎడమ అంచు ముట్టుకోలేదు.

"ఎన్నడూ చినగలేదన్నావుగా?" అన్నాడు జడ్జి మరిది వైపు తిరిగి.

తీర్పు గంట తర్వాత వచ్చింది. జైలు లేదు. మనసు చెబుతున్నా వెళ్ళినందుకు ఇకనుంచి వారానికి రెండుసార్లు సంతకం, సోమవారంతో పాటు గురువారం కూడా. అబద్ధపు ప్రమాణం మీద మరిదికి వేరే విచారణ. అది తేలేదాకా కోటు కోర్టు బీరువాలో.

వరండాలో మరిది ఒట్టి చొక్కాతో ఎదురయ్యాడు. "నీ అంతు చూస్తా వదినా."

"గురువారాలు కూడా ఇక్కడే ఉంటా. వచ్చి చూసుకో."

ప్లీడరమ్మకు కోపం దిగలేదు. "చెప్పొద్దన్న మాటే చెప్పారు! కొంచెంలో పోయేవారు."

వదిన వినిపించుకోలేదు. "ఆ విచారణ ఎన్నాళ్ళు పడుతుంది?"

"మన కోర్టుల సంగతి మీకు తెలీదా? ఏళ్ళు."

"పట్టనీ. వాడి ఒంటి మీదైతే లేదు." చెంగు దులుపుకుని మెట్లు దిగబోయి, వెనక్కి తిరిగింది. "ఆ బీరువాలో కలరా ఉండలు వెయ్యమని చెప్పమ్మా. ఉన్ని కోటు. పురుగు పడుతుంది."