పోర్చుగల్ పెళ్ళికి మిరపకాయల దండ

ఆ రోజుల్లో హుజూరాబాద్ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు కాబట్టి, నాకు తెలియని దేశం కూడా లేదనుకునేవాడిని. (కరీంనగర్ దాటి పోయింది లేదు, అది వేరే సంగతి.) ఆ ఏడు గ్రంథాలయ వారోత్సవాల్లో మైకు పట్టుకోవాలని ఒకటే కోరిక. అందుకు పోర్చుగీసువాళ్ళను ఎంచుకున్నాను. అట్ట ఊడి, రాసినవారి పేరు కూడా మిగలని ఒక పుస్తకంలో పోర్చుగల్ పెళ్ళికూతురి ఫొటో కనిపించింది. నలుపు తెలుపు బొమ్మ. మెడలో పొడుగ్గా, కొనదేలిన పూసల వరుస. మన దేశానికి మిరపకాయ తెచ్చింది వాళ్ళేనని అంతకుముందే చదివి ఉన్నాను. ఇంకేం కావాలి? అక్కడ పెళ్ళిలో మిరపకాయల దండ వేస్తారని తేల్చేశాను. ఆ సాయంత్రమే ఇంట్లో ఉపన్యాసమిస్తే బాపు మగ్గం ఆపలేదు గానీ, అవ్వ మాత్రం నోరు తెరుచుకుని విన్నది. "మెడ మండదారా కొడుకా?" అని ఒక్కటే అనుమానం.

మైకు ఎవరికివ్వాలో తేల్చేది రిటైరైన చరిత్ర సారు. ఎవరేం చెప్పినా 'ఆధారమేది?' అంటారు కనుక చాటున ఆయనను ఆధారాల సారు అనేవాళ్ళం. దండ సంగతి వినగానే కళ్ళజోడు తీశారు. "ఒక్క ఫొటో జూసి పెండ్లే జేసినవా? ఇంకో ఆధారం తే. ఎల్లుండి దాక ఆగుత. లేకుంటే మైకు కంపౌండరుకిస్త, ఆయన హోమియో మీద మాట్లాడుతనంటుండు."

ఇంటర్నెట్ సెంటర్లో వెతికితే పోర్చుగల్ ఫుట్‌బాల్ తప్ప ఏమీ రాలేదు. గోవా చూసొచ్చిన మా బావను అడిగితే సముద్రం బాగుందన్నాడు. పరేషాన్‌లో బస్టాండు దగ్గరి బజ్జీల మామ బండి ముందు నిలబడ్డాను. మామ మిరపకాయను పిండిలో ముంచుతూ, "ఏదో దేశంల గీ కాయలనే దండ గుచ్చి పెండ్లిపిల్ల మెడల ఏస్తరట గదా అల్లుడూ!" అన్నాడు.

"ఏ దేశం మామా?"

"పోర్చుగలో ఏదో అన్నరు. నిజమేనట!"

రెండో ఆధారం! పొయ్యి ఆర్పించి, చేతులకు శనగపిండి ఉండగానే ఆయనను గ్రంథాలయానికి లాక్కెళ్ళాను.

సారు తాపీగా అడిగారు. "నీకెవలు చెప్పిండ్రయ్యా?"

"గీ పిలగాని అవ్వనే సార్! మొన్న బజ్జీలకొచ్చి చెప్పింది. మా పోరడు లైబ్రరీల సదివిండు, అబద్ధం ఉండదన్నది."

సారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "మీ అవ్వకున్నంత నమ్మకం నాకు లేకపాయె బిడ్డా." మైకు కంపౌండరుకు పోయింది. నేను ముందు వరసలో కూర్చుని, సారు కొనిచ్చిన బజ్జీలు తింటూ హోమియో విన్నాను. (బజ్జీలు బాగున్నాయి.)

మొన్న ఆసిఫాబాద్‌లో ఉండే మా మరదలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక ముచ్చట పంపింది. పోర్చుగల్ పెళ్ళికూతురికి దిష్టి తగలకుండా మిరపకాయల దండ వేస్తారని చరిత్రకారులు చెబుతున్నారట. దిష్టి మాట నేననలేదు. 'ఆధారమేది?' అని టైపు చేశాను గానీ, పంపలేక చెరిపేశాను. నన్ను చరిత్రకారుల్లో కలిపినవాళ్ళు ఇంతకాలానికి వీళ్ళొక్కరే.