పెద్దావిడ జీను

ఆ రోజుల్లో మా గోదావరి కాలవల వెంట ఊళ్ళలో వైద్యుడన్నవాడికి రెండు ఉండాలనేవారు: హస్తవాసి ఒకటి, గుర్రం ఒకటి. మొదటిది ఉందో లేదో రోగి లేచి కూర్చుంటేగాని తేలదు. రెండోది వీధి మలుపు తిరుగుతూండగానే కనిపిస్తుంది కాబట్టి జనం దాన్నే నమ్మేవారు. నాకు వైద్యంలో కాస్త పేరొచ్చిందంటే అందులో నా చదువు పాలెంతో, ఒక ముసలి గుర్రం పాలెంతో ఈనాటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. (తేల్చబోయినప్పుడల్లా గుర్రానిదే పైచేయి అవుతోంది. అందుకని ఆ ప్రయత్నం మానేశాను.)

మా మేనమామ నిడదవోలు దగ్గర పల్లెలో పేరుమోసిన వైద్యుడు. మోకాళ్ళు పట్టేసి ఆయన గుర్రం ఎక్కలేని స్థితి వచ్చాక, కోనసీమనుంచి నన్ను పిలిపించుకుని, కొన్నాళ్ళు దగ్గరుండి నాడి పట్టడం నేర్పి, మందుల సంచీ నా భుజానికి తగిలించి, గుర్రాన్ని పరిచయం చేశాడు. ఆవిడ పేరు పెద్దావిడ. ఒకప్పుడు పాలలా తెల్లగా ఉండేదట. నేను చూసేసరికి వాన కురిసిన సున్నపు గోడ రంగులో, కింది పెదవి వేలాడేసుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసి నిట్టూర్చింది. ఆ పేరు మా అత్తయ్యకి గిట్టేది కాదు. గుర్రం పెద్దావిడైతే ఈ ఇంట్లో నేనేమవుతానో మీ మామయ్యనే చెప్పమనవయ్యా అని నన్ను మధ్యలోకి లాగేది. మామయ్య ఆ మాట వినపడనట్టు పెద్దావిడకి ఉలవలు ఉడికాయో లేదో చూడ్డానికి వెళ్ళిపోయేవాడు.

అంతవరకూ నేనెక్కిన వాహనం పడవ ఒక్కటే. పడవ మన కింద ఊపిరి పీల్చదు, వెనక్కి తిరిగి మన మోకాలు వాసన చూడదు. మొదటి వారం ఎక్కడమే గండం, ఎక్కాక కదలడం మరో గండం. కాలవ గట్టు మీద తాడు కట్టి పడవలు లాగేవాళ్ళు నడుం వంచుకుని బరువు లాగుతూనే మమ్మల్ని దాటిపోయేవారు. వాళ్ళలో ఒకడు మర్యాదగా, "పంతులుగారూ, మీ గుర్రాన్నీ మిమ్మల్నీ కలిపి పడవలో ఎక్కించేస్తాం, పర్వాలేదండి" అన్నాడు. డొక్కలో మడమలతో పొడిచాను, బతిమాలాను, చెరుకు గడ చూపించాను. పెద్దావిడ చెరుకు తిని అక్కడే నిలబడింది.

కిటుకు ఏమిటో ఓరోజు అనుకోకుండా దొరికింది. రేపు మామయ్య పాఠం అడుగుతాడన్న భయంతో గుర్రం మీదే కూర్చుని జ్వర లక్షణాలు పైకి వల్లిస్తూంటే ఆవిడ నడక మొదలెట్టింది. నేను మర్చిపోయి ఆగగానే ఆవిడా ఆగింది. సంగతేమిటంటే మామయ్య వాగుడుకాయ. దారి పొడుగునా గుర్రంతో కబుర్లు చెబుతూ పోయేవాడు, రోగి ఇంటి గుమ్మం ముందు మాత్రం నోరు మూసేవాడు. కాబట్టి పెద్దావిడ లెక్కలో పైనున్న మనిషి మాట్లాడినంతసేపూ దారి, ఊరుకుంటే ఊరొచ్చినట్టు. ఇక చూడండి నా అవస్థ. జ్వరాలు అయిపోతే వాతాలు, అవీ అయిపోతే మా ఇంటి సంగతులు. మా నాన్నకి నా మీద నమ్మకం లేదన్నదీ, అమ్మ కలిపే మామిడికాయ పచ్చడి తలుచుకుంటే ఏడుపొస్తోందన్నదీ, రోగి మణికట్టు పట్టుకున్నప్పుడల్లా వాడి నాడికన్నా నా గుండే గట్టిగా కొట్టుకుంటోందన్నదీ అన్నీ చెప్పేశాను. ఆవిడ ఒక చెవి వెనక్కి తిప్పి వినేది. అలా నా మనసులో మాట విన్నవాళ్ళు ఆ ఊళ్ళో మరొకరు లేరు. నెల తిరిగేసరికి నాకు ఆవిడంటే ప్రాణమైపోయింది.

సరిగ్గా అప్పుడే నిడదవోలు స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడొకడు మా ఇంటి చుట్టూ తిరగడం మొదలెట్టాడు. రైలొచ్చిన కొత్త, జట్కాలకి గిరాకీ, గుర్రాలకి కరువు. అరుగు మీద వాడు పక్కన పెట్టిన కొరడా చూసి నేను వెళ్ళి పెద్దావిడ పక్కన నిలబడ్డాను. మామయ్య పంపిన ఒకటి రెండు ఇళ్ళు తప్ప నన్ను వైద్యానికి ఎవరూ పిలవడం లేదు, కుర్రాడికి ఊళ్ళు తిరిగే పనే లేనప్పుడు గుర్రం ఎందుకని అత్తయ్య వాదన. అది అబద్ధం కూడా కాదు. మామయ్య ఎటూ తేల్చుకోలేక నలుగుతూండగా కాలవ అవతలి ఊరి కామందుకి కడుపునొప్పి అని కబురొచ్చింది. మామయ్య నన్ను పిలిచి, "ఒరేయ్, అది పెద్ద ఇల్లు. అక్కడ నీకు మంచి పేరొచ్చిందా, పెద్దావిడ నీది. లేదూ, రేపు పొద్దున్న జట్కావాడు పట్టుకుపోతాడు" అన్నాడు. ఆ మాట అనేసి ఉలవలు ఉడికాయో లేదో చూడ్డానికి వెళ్ళిపోయాడు.

రోహిణి కార్తె ఎండ. జరగబోయేదంతా పెద్దావిడకి చెప్పుకుంటూ వెళ్ళాను. కామందు ఇంటి ముందు దిగేసరికి ఆవిడ ఒళ్ళంతా చెమట, కాళ్ళు వణుకుతున్నాయి. నాకు జాలేసింది. లోపలికి వెళ్ళకముందే పట్టీ విప్పి, జీను దించి, వేపచెట్టు నీడలో అరుగు మీద పెట్టాను.

నీళ్ళ చెంబుతో ఎదురొచ్చిన కామందు కోడలు ఆ జీను చూసి చెంబు వదిలేసింది. గొల్లుమని ఏడుపు లేచింది. లోపలికి పరిగెత్తాను. మంచం మీద కామందు కళ్ళు తేలేసి, "జీను దించేశారా?" అని అడిగాడు. దించానన్నాను. ఆయన గోడవైపు తిరిగి, "నా తమ్ముణ్ణి పిలవండి" అన్నాడు. (ఆ తమ్ముడు గోడకవతలే ఉంటాడు. చింతచెట్టు ఎవరి హద్దులోదన్న తగువుతో అన్నదమ్ములకి మాటల్లేక ఏళ్ళు గడిచాయట.) నేను నాడి చూశాను, పొట్ట నొక్కి చూశాను. నిన్న పనసపండు తిన్నారా అని అడిగాను. తిన్నాడు, ఇంచుమించు పండంతా. ఇది ఒట్టి అజీర్తి, కంగారు లేదని నేనంటూంటే, "చిన్నవారు, పైకి చెప్పలేకపోతున్నారు పాపం" అని ముసలమ్మలు నాకోసం కూడా ఏడ్చారు. తమ్ముడొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. చెట్టు నీదే అని ఈయన, కాదన్నయ్యా నీదే అని ఆయన. ఎవరో నోట్లో తులసి తీర్థం పోశారు.

చివరికి కామందు తల్లి, పళ్ళులేని ముసలమ్మ, నన్ను వసారాలోకి లాగి అసలు సంగతి చెప్పింది. మా మామయ్య రోగి గట్టెక్కుతాడనుకుంటే జీనుతోనే గుర్రాన్ని కట్టేసి వెంటనే వెళ్ళిపోయేవాడట. ఆశ లేకపోతే మాత్రం జీను దించి ఆఖరిదాకా ఆ ఇంట్లోనే కూర్చునేవాడట. అందుకని చుట్టుపట్ల ఊళ్ళన్నీ ఆయన మొహం చూడ్డం మానేసి జీను చూడ్డం నేర్చుకున్నాయి. "నా కొడుక్కి ఏం లేదంటున్నారు కదా బాబూ, మళ్ళీ కట్టేయండి" అంది.

కట్టేద్దును. పెద్దావిడ ఊరుకుంటేనా. జీను దిగాక ఆవిడకి అలవాటైనది విశ్రాంతి. అప్పటికే గడ్డివాము పక్కన కాళ్ళు బారజాపి నిద్రపోతోంది. నేను జీను పట్టుకుని, తమ్ముడు పట్టీ పట్టుకుని, పాలేర్లు మెడ దగ్గరా తోక దగ్గరా చేరి లేపబోయాం. వీధిలో జనం, గోడల మీద జనం. లేస్తే బతుకుతాడు, లేవకపోతే లేదన్నట్టు అందరూ గుర్రానికి దణ్ణాలు పెడుతున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చెవిలో మొదలెట్టాను. జ్వర లక్షణాలు, కాదు, అవి విసుగు. "పెద్దావిడా, నువ్వు లేవకపోతే రేపు నిన్ను పట్టుకుపోతారు. నేనెవరితో మాట్లాడను?" అన్నాను. ఊరంతా వింటోందన్న ధ్యాస కూడా లేదు.

చెవి తిరిగింది. ముందు కాళ్ళు, తర్వాత వెనక కాళ్ళు, మూలుగుతూ లేచింది. లేచి, జీను పట్టీ బిగిస్తున్న తమ్ముడి మొహాన ఒక్క తుమ్ము తుమ్మింది. ఆయన మీసాలనిండా ఉలవల గుజ్జు. మంచంతో సహా గుమ్మంలోకి మోయించుకొచ్చిన కామందు అది చూసి నవ్వబోయాడు. నవ్వుకి ముందు త్రేన్పు వచ్చింది. అలాంటి త్రేన్పు నా వైద్య జీవితంలో మళ్ళీ వినలేదు, కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఆ వెనక రెండోది, ఆ వెనక నవ్వు. కాసేపటికి ఆకలి అన్నాడు.

దించిన జీను మళ్ళీ ఎక్కడం ఆ చుట్టుపక్కల ఎవరూ కని విని ఎరగరు. చావు ముఖంలోంచి మనిషిని వెనక్కి తెచ్చిన చిన్న వైద్యులుగారని నా పేరు నాకన్నా ముందు ఇల్లు చేరింది. మామయ్య విని, ఎక్కువసేపు ఉండాల్సొస్తుంది కదా, పాపం గుర్రానికి బరువెందుకని దించేవాణ్ణిరా, ఇందులో ఇంతుందా అని ఆశ్చర్యపోయాడు. మర్నాడు జట్కావాడు వచ్చేసరికి మా వీధిలో రోగులు బారులు తీరి ఉన్నారు. వాళ్ళే వాణ్ణి సాగనంపారు. కామందు ఇంటినుంచి బస్తా ఉలవలు కూడా రావడంతో అత్తయ్య మెత్తబడి, పెద్దావిడకి స్వయంగా దాణా పెట్టింది.

తర్వాత కొన్నేళ్ళు మేమిద్దరం కలిసి వైద్యం చేశాం. ఆవిడ వీపు మరీ కుంగిపోయాక ఎక్కడం నాకే మనసొప్పలేదు. ఇంట్లో వదిలి వెళదామంటే, గుర్రం లేకుండా వచ్చిన వైద్యుడు మాకొద్దని రోగులు, నన్నొదిలి వెళతావా అన్నట్టు చూసే ఆవిడ. అందుకని పక్కపక్కనే నడిచేవాళ్ళం. పడవలు లాగేవాళ్ళు తాడు పట్టుకుని మరీ ఆగి నవ్వేవారు. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. మంచి వయసులో ఉన్న వైద్యుడు, మందుల సంచీ భుజాన వేసుకుని, మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద ఏదో చెప్పుకుంటూ కాలినడకన పోతున్నాడు. చేతిలో గొడుగుంది. అది గుర్రానికి పడుతున్నాడు.