బూజు పట్టిన కట్టె

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను కంబదూరు వైపు ఒక మండలంలోని పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా పశువైద్యాధికారి. చుట్టుపక్కల ఊళ్ల పశువులన్నీ నా పరిధిలోవే. నేను చేరింది వేరుశనగ పీకే రోజుల్లో.

ఈ జిల్లాలో పనిచేసిన పశువైద్యులకు కరువు కొత్త కాదు. వాన రాకపోతే ఏం చేయాలో ప్రభుత్వానికి ఒక పద్ధతి ఉంది. మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తారు, పశుగ్రాస కేంద్రం తెరుస్తారు, రైతులకు చౌకగా మేత ఇస్తారు. ఆ ఏడు జరిగింది వేరు. విత్తే అదనులో చినుకు లేదు. ఆలస్యంగా విత్తిన చేలు ఎండీ ఎండనట్టు నిలబడ్డాయి. తీరా చెట్లు పీకి, ఆరడానికి చేలో పరిచాక ముసురు పట్టింది. రోజుల తరబడి వదల్లేదు. కాయలు చేలోనే మొలకెత్తాయి. కట్టె, అంటే కాయలు కోసుకున్నాక మిగిలే చెట్టు, నల్లబడి బూజు పట్టింది. ఎండాకాలం దాకా ఇక్కడి పశువులకు అదే మేత. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇలాంటి ఏడు ఎప్పుడో ఒకసారి వచ్చేది. చివరికొచ్చేసరికి ఏ నెలలో ఏం జరుగుతుందో చెప్పగల రైతు కనిపించలేదు.

మొదట వచ్చినవాడు తిప్పేస్వామి. నాలుగెకరాల మెట్ట చేను, ఒక జత ఎద్దులు అతని ఆస్తి.

“మేడం, ఒక ఎద్దు మేత ముట్టడం ల్యా. నడిస్తే తూలుతాండాది. ఒకసారి వచ్చి చూడండి,” అన్నాడు.

వెళ్లి కంటిరెప్ప తిప్పి చూశాను. పసుపుపచ్చగా ఉంది. కాలేయం చెడితే అలా ఉంటుంది. పక్కనే ఉన్న కట్టె వామిలో చేయి పెట్టి ఒక పిడికెడు లాగాను. ముక్కిన వాసన, బూడిద రంగు దుమ్ము. ఈ కట్టె వేయొద్దని చెప్పాను.

అతని భార్య లక్ష్మక్క అందుకుంది. “బూజు దులిపి, ఎండకేసి, మంచిది ఏరి ఏస్తాండాం కదమ్మా.”

బూజు దులిపితే పోతుంది గాని, అది మేతలో వదిలిన విషం పోదని వివరించాను. దానికి విరుగుడు మందు లేదు. మేత మార్చడమే వైద్యం.

“ఏం మార్చాల మేడం?” తిప్పేస్వామి గొంతు పెరిగింది. “చేలో గడ్డిపోచ ల్యా. లారీల్లో వచ్చే గడ్డి మాబోటోళ్లకు అందేదా? మన్ను ఏయాల్నా?”

బలానికి ఇంజెక్షను చేసి వచ్చాను. ఆ వారంలోనే ఎద్దు చచ్చిపోయింది.

చేను గట్టున శవపరీక్ష చేశాను. కాలేయం పాలిపోయి, కత్తికి గట్టిగా తగిలింది. ముక్క కోసి, కట్టె నమూనాతో పాటు మంచుపెట్టెలో ప్రయోగశాలకు పంపాను. తిప్పేస్వామి అంతసేపూ పక్కనే నిలబడ్డాడు. చివరికి, “నా చేత్తో నేనే సంపుకుంటినా మేడం?” అన్నాడు. కాదన్నాను. నమ్మినట్టు లేడు.

అప్పటికి మరో నాలుగు ఊళ్ల నుంచి ఇవే లక్షణాలతో పశువులు వస్తున్నాయి. జిల్లా సమీక్షకు వెళ్లి మా మండలంలో పశుగ్రాస కేంద్రం తెరవమని అడిగాను. చలికి శాలువా కప్పుకోవాల్సినంత ఏసీ ఉన్న హాలు అది. పైఅధికారి తెర మీది వర్షపాతం పట్టిక చూపించి, “మీ మండలంలో సాధారణ వర్షపాతం నమోదైంది. వాన పడిన చోట కరువు కేంద్రం ఎలా తెరుస్తామమ్మా?” అన్నారు.

ఆ వానే మేతను చంపిందని చెప్పాను. అయితే వ్యాధి కింద రాసి టీకాలు వేయించమన్నారు. బూజుకు టీకా ఉండదన్నాను. వెనక ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఏడాది వాననంతా ఒక చోట కలిపి సరిపోయిందనడానికి ఎద్దు ఏడాదికొకసారి మేయదని గట్టిగానే అన్నాను. మరణ కారణం గడిలో వ్యాధి అని రాయనని కూడా చెప్పాను. సభలో మర్యాద తప్పానని తరవాత సంజాయిషీ అడిగారు. చెప్పిన మాటే మళ్లీ రాసిచ్చాను.

ప్రయోగశాల నివేదిక వచ్చింది. విషం నిర్ధారణ అయింది. అప్పుడు గాని ఫైలు కదల్లేదు. కరువు పద్దు కింద కుదరదని మరో పద్దు వెతికి, పచ్చిమేతను మగ్గబెట్టి కట్టిన పాతర గడ్డి మూటలు పంపారు. లారీ వచ్చేసరికి మండలంలో సగం కొట్టాలు ఖాళీ. మేపలేక పశువులను సంతకు తోలేశారు.

పంపిణీకి తిప్పేస్వామి రాలేదు. ఇంటికి వెళ్లి అడిగాను. “ఒంటెద్దుతో ఏం దున్నుతా మేడం? పోయిన వారమే అమ్మినా. ఆ మూటలు ఎవరికైనా ఇయ్యండి,” అన్నాడు. లక్ష్మక్క బయటికి రాలేదు. ఆ వేసవిలో ఇద్దరూ బెంగళూరులో కట్టడం పనికి పోయారని తరవాత విన్నాను.

ఎండలు ముదరడానికి, వానలు గతి తప్పడానికి ఆ దంపతులు చేసిందేమీ లేదు. వాళ్లింట్లో ఫ్యాను కూడా ఉండేది కాదు. నష్టం మాత్రం మొదట వాళ్ల కొట్టంలోకే వచ్చింది. మా నిబంధనలు దాన్ని నష్టంగా గుర్తించడానికి పశువులు చచ్చేదాకా ఆగాయి.

ఆ తరవాత నేను ఏ నివేదికలోనూ వాన ఎంత పడిందో ఒక్కటే రాయలేదు. ఏ పంట ఏ దశలో ఉండగా పడిందో కూడా రాశాను. దానికి పత్రంలో గడి లేదు. నేను దిగిపోయే నాటికీ పెట్టలేదు.