జేబు ఎటు పక్క

టైలరమ్మ మోకాలు మొరాయించింది. కుట్టు శిక్షణ కేంద్రమేమో మూడో అంతస్తులో, లిఫ్టు లేని భవనంలో. పంతొమ్మిదేళ్లు ఆ మెట్లెక్కి ఎంతమంది ఆడపిల్లల చేత కత్తెర పట్టించిందో ఆమెకే గుర్తులేదు. ఇక ఇంటి నుంచే ఫోన్లో నేర్పుతానంది. కేంద్రం మేడం మొహమాటపడలేదు. పిల్లలు కుట్టిన మొదటి చొక్కా చూశాక, ఈమెనే ఉంచాలో, మెట్లెక్కగలిగిన ఇంకో మనిషిని వెతుక్కోవాలో తేలుస్తానంది.

మూడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషిని నలుగురూ టీచరమ్మా అని పిలుస్తున్నారంటే ఆ కుట్టుపని పుణ్యమే. అది పోతే మిగిలేది అత్తగారి హోదా ఒక్కటే. ఆ హోదాకు ఏ ఇంట్లో ఎంత విలువుందో వేరే చెప్పక్కర్లేదు.

కోడలు మాత్రం మంచిదే. మిషను కిటికీ దగ్గరికి జరిపి, రెండు డబ్బాల మీద ఫోను నిలబెట్టింది. తల సగమే కనిపిస్తోంది అత్తయ్యా అంటే, నా తలతో వాళ్లకేం పని, చేతులు కనబడుతున్నాయా లేదా అని టైలరమ్మ కసురుకుంది.

కేంద్రంలో అయితే ఆమె పిల్ల పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని "ఇటు" అనేది. కుడి, ఎడమ అనే మాటలతో ఆమెకెప్పుడూ పనిపడలేదు. ఇప్పుడూ అలవాటు కొద్దీ చొక్కా ముందుముక్కను తన గుండెకు ఆనించుకుని, జేబు ఈ పక్కన అని సుద్దతో గీసి చూపించింది. పదకొండు మంది పిల్లలూ ఎవరిళ్లలో వాళ్లు బుద్ధిగా గీసుకున్నారు.

శనివారం పొద్దున మేడం కూడా ఫోన్లోకి వచ్చి కూర్చుంది. పిల్లలంతా చొక్కాలు తొడుక్కుని ఫోను ముందు నిలబడ్డారు. పదకొండు జేబులూ ఎడమకు బదులు కుడి పక్కనే ఉన్నాయి.

టైలరమ్మకు ఒళ్లు మండింది. కళ్లు ఏ సంతలో పెట్టి కుట్టారని పేరుపేరునా దులిపేసింది. చివరికి అందరిలోకీ నోరులేని పిల్ల మెల్లగా అంది:

"మీరు చూపించిన పక్కనే పెట్టాం టీచరమ్మా."

"ఏదీ, నేనెక్కడ చూపించానో చెయ్యి పెట్టి చూపించండి" అంటూ తన ఎడమ రొమ్ము మీద అరచెయ్యి వేసింది. తెర మీద పదకొండు చేతులు ఒక్కసారిగా కుడి పక్కకు వెళ్లాయి.

అప్పుడర్థమైంది ఆవిడకి. ఎదురుగా ఉన్న మనిషిని చూసి చేస్తే అంతా అటుది ఇటు అవుతుంది. మేడం కళ్లార్పకుండా చూస్తోంది. పిల్లల మొద్దుతనం మీదికి నెట్టేస్తే గడిచిపోయేదే. ఆ మాట టైలరమ్మ నాలుక దాకా వచ్చి వెనక్కి వెళ్లింది.

"తప్పు నాదేనే. మీ ఎదురుగా కూర్చున్నాను, అదీ సంగతి" అంది.

కోడల్ని పిలిచి ఫోను తన భుజం వెనక నుంచి పట్టుకోమంది. వెనక నుంచి చూస్తే తన చేతులు వాళ్ల చేతులున్నట్టే ఉంటాయి. ఇప్పుడు కుట్లు విప్పండి, గుడ్డ చిరిగిందో నా చేతిలో అయిపోయారే అని బెదిరించింది కూడా.

అందరూ విప్పుతుంటే మేడం గొంతు సవరించుకుని, కొంగు చాటు నుంచి ఒక చొక్కా తీసి పట్టుకుంది. పిల్లలతో పాటు తనూ ఫోన్లో చాటుగా చూసి కుట్టుకుందట. దాని జేబూ కుడి పక్కనే ఉంది.

"టీచరమ్మా, నాకు సోమవారం దాకా టైమివ్వండి."

"ఇస్తాను గానీ, ముందా దారం పళ్లతో కొరకడం మానండి మేడం" అంది టైలరమ్మ.